ముద్ర లేని తుపాకి

పాత లోగిలి నొకదానిని పడగొట్టునప్పుడు, అటకమీది చినిగిన చాపల నడుమ దాగియున్న పొడుగాటి తుపాకి యొకటి చేతికి వచ్చినదనుకొందము. దానిమీద పేరు లేదు, తేది లేదు, కార్ఖానా ముద్ర లేదు, ఏ భాషలోను ఒక్క యక్షరము లేదు. చూడవచ్చినవారిలో నొకరు అది బొబ్బిలియుద్ధమునాటిదందురు. మఱొకరు నాటుతుపాకి యని పెదవి విఱతురు. ఇద్దఱును దానిని సరిగా చూడకయే తీర్పు చెప్పినవారే. పేరు లేనిచోటను ఇనుము, కఱ్ఱ, కట్టు, అరుగుదల యను నలుగురు సాక్షులు మిగిలియేయుందురు. వారిని వరుసగా విచారించుటయే ఈ విద్య.

విచారణకు ముందు ప్రాణరక్షణ చూచుకొనవలయును. మూతినుండి మందు కూరు తుపాకులను కూరినవి కూరినట్లే గోడకు తగిలించి మఱచిపోవుట పూర్వము కలదు. సురేకారము 75 పాళ్లు, బొగ్గు 15, గంధకము 10 కలిపి నూఱిన నల్లమందు, తేమ తగులకున్నచో ఏండ్లు గడచినను చావదు. కావున గొట్టమును ఎవరివైపునకును త్రిప్పక, సన్నని కఱ్ఱపుల్లను మెల్లగా లోనికి దింపి, మూతియొద్ద గుర్తు పెట్టి, పిదప ఆ పుల్లను వెలుపల గొట్టము వెంబడి ఆనించి చూడవలయును. పుల్లకొన, మందునకు నిప్పందించు రంజకపు రంధ్రము దాక రాక ముందే ఆగినచో లోపల నేదో యున్నదని యెంచి, దానిని కదపక, నిప్పునకు దూరముగ నుంచి, పోలీసులకు కబురు పంపుట వివేకము.

ఆ మీదట నిప్పు ముట్టించు పద్ధతిని పరికింపవలయును. చెకుముకిరాయి నొక్కిపట్టిన గుఱ్ఱమను సుత్తి ఉక్కురేకును కొట్టి రవ్వలు రాల్చునట్టిది చెకుముకి తుపాకి. చిన్న రాగిటోపీపై గుఱ్ఱము పడి పేలునట్టిది దాని తరువాతిది, 19వ శతాబ్దిలో వ్యాపించినది. మన అటకమీది తుపాకిలో ఈ రెండును లేవు. కఱ్ఱలోని చీలికనుండి పాముపడగవంటి ఇనుపకొక్కెము తొంగిచూచుచున్నది; మీటను నొక్కగా నది వంగి, తన నోట కఱచిన జామగి త్రాటి నిప్పును ప్రక్కనున్న రంజకపు గిన్నెలో ముంచును. ఉత్తరదేశమున తోడేదారని పిలిచిన జామగి తుపాకి ఇదియే. అయితే దీనిని చూచినంతనే మొగలాయి కాలమునకు పరుగెత్తరాదు. చేయుట సులభము, బాగుచేయుట అంతకంటె సులభము గనుక, ఐరోపా విడిచిన పిదపను మన దేశమున జామగి తుపాకి 19వ శతాబ్ది దాక బ్రదికియే యుండెను.

పిదప చూడవలసినది గొట్టము, ఇనుపపని రహస్యమంతయు ఇందున్నది. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీలో, ఇనుపరేకును కాగితము చుట్టినట్లు ఏటవాలుగా మెలివేసి, అంచుపై అంచు ఎక్కునట్లు కాచి కొట్టుచు గొట్టమును చేయు విధానము వర్ణింపబడినది. అంచునకు అంచు చేర్చి అతికినదానికంటె నిది మందుదెబ్బకు నిలుచునని దాని ప్రయోజనము. ఇట్టి గొట్టముపై వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు, మెలికలు సుడిరేఖలై కానవచ్చును. వీనిని కోనసముద్రపు ఉక్కుతో కలగాపులగము చేయరాదు. పారసీక వర్తకులు కత్తులకొఱకు నేటి నిజామాబాదు ప్రాంతమునుండి కొనిపోయిన ఆ ఉక్కు, మూసలో గడ్డకట్టునప్పుడే తన రేఖలకు బీజము వేసికొన్నది. మెలిగొట్టపు రేఖలు సుత్తిక్రింద పుట్టినవి.

కఱ్ఱయు ఊరు చెప్పగలదు. సింధుదేశపు తుపాకి పిడి చేపతోకవలె విచ్చుకొని వంగును. సింహళపు పిడి రెండుగా చీలి చుట్టుకొనును. తిన్నగా, సన్నగా, పలకలు తీర్చి సాగిన పిడి ఉత్తర హిందూస్థానపు తోడేదారుల లక్షణము. గొట్టమును కఱ్ఱకు తోలుపట్టెలతోనో ఇత్తడితీగతోనో చుట్టి కట్టుట మనదేశపు వాడుక. ఆ కట్టు తెగి మార్చబడినదా, దానిక్రింది కఱ్ఱ రంగు చుట్టుప్రక్కలతో కలియుచున్నదా యని చూచినచో మరమ్మతుల చరిత్ర తెలియును.

ముద్ర గల తుపాకులును లేకపోలేదు. అక్బరు ఆయుధశాలలో తుపాకి యొక్కొక్కదానిపై ఇనుము బరువు, పనివాని పేరు, చోటు, తేది చెక్కుచుండిరని ఐనీ అక్బరీయే చెప్పుచున్నది. అయినను ముద్ర కలదని మురియుట కూడ ప్రమాదమే. ఈస్టిండియా కంపెనీ తన తుపాకులపై మొదట హృదయాకార చిహ్నమును, 1808 నుండి సింహమును వేసెను. కైబరు కనుమ ప్రాంతపు కమ్మరులు అట్టి ఆంగ్ల ముద్రలను అక్షరములు తలక్రిందులైనను లెక్కింపక చెక్కిరి. ముద్రను ఒక్క పూటలో చెక్కవచ్చును. అరుగుదలను అట్లు పుట్టింపలేరు. చేయి పట్టుచోట నునుపు, నిప్పు తగిలిన రంధ్రముచుట్టు గుంతలు, దవడ ఆనినచోట కఱ్ఱ నిగ్గు ఉన్నచో అది పనిచేసిన వస్తువు. రంజకపు రంధ్రమే తొలువక, మరలన్నియు ఒకే అచ్చున నుండి, చేయి తాకని మూలలు కూడ అరిగియున్నచో అది సంతలో అలంకారమునకై చేసినది.

ఈ కారణముచేతనే, ఇత్తడిచెంబులను తోమినట్లు తుపాకిని చింతపండుతో తోమరాదు; మురికితోబాటు సాక్ష్యమును గూడ కడిగివేసిన వారమగుదుము. 1959 నాటి ఆయుధచట్టము, బాగుచేసినను పేలని పురాతనాయుధములను వేఱుగా చూచును గనుక, అట్టిదానిని అధికారులకు తెలిపి యుంచుకొనుటలో భయము లేదు. అయితే నలుగురు సాక్షులును చెప్పలేని మాట యొకటి కలదు: అది ఎవరి యింట, ఎందులకు వ్రేలాడినది? అది ఆ యింటి ముసలమ్మకు తెలిసియుండవచ్చును. ఆమెనడిగి, విన్నది విన్నట్లు చీటీపై వ్రాసి, దారముతో మీటకు కట్టినచో, చేసినవాడు వేయని ముద్రను ఇన్నాళ్లకు మనము వేసినట్లగును.