నడిమింటికి వెలుతురు

ఈ వారం హన్మకొండలో ఒక మిత్రుడి ఇంటికి వెళ్లాను. వెనక వైపు వంటిల్లు పెంచి కట్టుకున్నారు. స్లాబులో నాలుగడుగుల చదరం వదిలి పైన అద్దం బిగించారు. రెండు పొరల అద్దం, వేడి రానే రాదని అమ్మినవాళ్లు చెప్పారట. మిట్టమధ్యాహ్నం ఆ ఇల్లాలు అద్దం కింద దుప్పటి కట్టుకొని వంట చేస్తుంటే చూసి కడుపు మండింది.

రెండు పొరల అద్దం చలిదేశాల అవసరం కోసం పుట్టింది. ఇంట్లో వెచ్చదనం బయటికి పోకుండా ఆపడం దాని పని. మన బాధ వేరు. తెల్ల అద్దమైతే రెండు పొరలున్నా, నెత్తిన పడే ఎండలో సగానికి పైగా లోపలికి దిగుతుంది. హన్మకొండ, వరంగల్ ఉన్నవి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే నడుమ ఒకసారి, జులై ఆఖరున మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దుప్పటి తీసి, అద్దానికి జానెడు ఎత్తున బయట పచ్చ వల కట్టమన్నాను. నీడ ముందు, అద్దం తర్వాత అన్న నా పాత పాట మీకు కొత్త కాదు.

వరంగల్ మట్టెవాడలో మా అమ్మమ్మది గూనపెంకుల ఇల్లు. రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలే, నడిమింటికి కిటికీ లేదు. దూలం పక్కన పెంకు తీసి అరచేయంత అద్దం ముక్క పెట్టారు. పొద్దున గోడ మీద పడ్డ వెలుగు బిళ్ల మెల్లగా గచ్చు మీదికి దిగేది. అది తిరగలి దగ్గరికి పాకితే అమ్మమ్మ ఎసరు పెట్టేది. పొయ్యి పొగ ఆ వెలుగులో సుడులు తిరుగుతూ పెంకుల సందుల్లోంచి వెళ్లిపోయేది. రోహిణి కార్తెలో కూడా ఆ అద్దాన్ని ఎవరూ తిట్టుకోలేదు. అది చిన్నది, పైగా కప్పుకు గాలి ఆడేది.

అందుకే కప్పుకు అద్దమే వద్దని రాయబోయి ఆగాను. మట్టెవాడ, గిర్మాజీపేట ఇరుకు ఇళ్లకు వెలుతురు పైనుంచి రావాల్సిందే. కానీ అద్దాన్ని పడుకోబెట్టకండి, నిలబెట్టండి. స్లాబు మీద అడుగున్నర గోడ లేపి, ఉత్తరం వైపు తెరుచుకునే మామూలు కిటికీ పెట్టి, పైన సజ్జ వేయండి. మే, జులై మధ్య సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరిగినా మధ్యాహ్నపు ఎండను సజ్జ ఆపుతుంది. పైకి చేరిన వేడి గాలి రాత్రి ఆ కిటికీలోంచి పోతుంది. వాన నీళ్లు అద్దం చుట్టూ నిలవవు. మన ఊరి కోతుల కోసం ఇనుప గ్రిల్ తప్పదు.

మిగిలిన డబ్బు స్లాబు మీద తెల్ల పూతకు పెట్టండి, ఎండ ఎక్కువగా పడేది దాని మీదే. 2023లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. ఆ తర్వాతా చేతిలో డబ్బుంటే అప్పుడు ఖరీదైన అద్దం అడగండి. పొరలు లెక్కపెట్టొద్దు. ఎండ వేడి ఎంత లోపలికి వస్తుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ అంకె 0.3 లోపు ఉందని బిల్లు మీద రాయించుకోండి.