ఇంటి వడ్రంగం: ముందు పనిముట్టు, తర్వాత పీట

అమ్మకానికి కాకుండా ఇంట్లో వాడుకోవడానికి తీరిక వేళల్లో చేసుకునే చెక్కపనే ఇంటి వడ్రంగం. కూర్చునే పీట, పుస్తకాల అర, పోపుల పెట్టె, పిల్లల బొమ్మలు దీని పరిధిలోకి వస్తాయి. దీనికి పెద్ద షెడ్డు అక్కర్లేదు. వరండాలో ఒక మూల, కదలని బల్ల ఒకటి, చేతి పనిముట్లు పదో పన్నెండో ఉంటే చాలు. వృత్తి వడ్రంగికి కూలి లెక్క ఉంటుంది, గడువు ఉంటుంది. ఇంట్లో చేసుకునేవారికి ఆ తొందర లేదు. చెక్క ఆరేదాకా ఆగవచ్చు, పదును తగ్గిన ఉలిని మళ్ళీ నూరుకోవచ్చు, కుదరని అతుకును తీసి మళ్ళీ చేసుకోవచ్చు. ఈ పనికి ఒక వరస కూడా ఉంది. ముందు పనిచోటుకు కావలసినవి చేసుకుని, వాటితో చేయి తిరిగాక ఇంటికి కావలసినవి మొదలుపెట్టాలి.

చెక్క స్వభావం

చెట్టు మొదలును అడ్డంగా కోస్తే మధ్యలో ముదురు రంగులో కనిపించేది చేవ. దాని చుట్టూ లేత రంగులో ఉండేది రసదారువు, అంటే తెల్లచెక్క. చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి నీరు పైకెక్కేది ఈ లేత భాగంలోంచే. అందులో పిండిపదార్థం నిల్వ ఉంటుంది కాబట్టి పురుగు ముందుగా దాన్నే పడుతుంది. టేకు కొనేటప్పుడు చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అని చూసేది ఇందుకే.

పచ్చి చెక్కలో నీరు కణాల లోపలి ఖాళీల్లోనూ, కణాల గోడల్లోనూ ఉంటుంది. ఖాళీల్లోని నీరు పోయినంతవరకు చెక్క కొలత మారదు. తేమ సుమారు 28–30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. అప్పటినుంచే చెక్క కుంచించుకుంటుంది. పొడవులో ఈ తగ్గుదల లెక్కలోకి రాదు. వెడల్పులో మాత్రం కంటికి కనిపిస్తుంది. వలయాల వెంబడి జరిగే సంకోచం, నడిమధ్య నుంచి బెరడు వైపు జరిగే సంకోచానికి దాదాపు రెట్టింపు. పలకలు దోనెలా వంగడానికి, మొద్దులు నెర్రెలివ్వడానికి మూలం ఈ తేడాలోనే ఉంది. ఆరిన తర్వాత కూడా చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతూ తగ్గుతూనే ఉంటుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయి ఎండాకాలంలో మళ్ళీ వదులయ్యేది ఇలాగే.

గాలికి ఆరబెడితే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని ఒక పాత లెక్క. పలకలను నీడలో, మధ్యమధ్య ఒకే మందం పుల్లలు పెట్టి, అన్ని వైపులా గాలి తగిలేలా పేర్చాలి. కొసల నుంచి తేమ వేగంగా పోతుంది కనుక అక్కడ రంగో మైనమో పూస్తే పగుళ్ళు తగ్గుతాయి. అంతకాలం ఆగలేనివారికి పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే కలప మంచి దారి. దశాబ్దాలపాటు ఆరిన ఆ దూలాలు, తలుపు చెక్కలు ఇక పెద్దగా వంగవు. కోసేముందు అయస్కాంతంతో తడిమి, లోపల దాగిన మేకులు తీసేయాలి. లేకపోతే రంపం పళ్ళు పోతాయి.

ఏ పనికి ఏ చెక్క అన్నదీ ముఖ్యమే. టేకు నిలకడైనది, చెద తొందరగా పట్టదు. కానీ అందులోని ఇసుకలాంటి సిలికా ఉలి పదును త్వరగా తింటుంది. దానిలోని సహజమైన నూనె వల్ల జిగురు సరిగా పట్టదు కాబట్టి, అతికేముందు ఆ చోటును స్పిరిట్‌తోనో అసిటోన్‌తోనో తుడవాలి. తుమ్మ, చింత గట్టి చెక్కలు కావడంతో సుత్తులకు, పిడులకు బాగుంటాయి. మామిడి చవక, కోతకు సులువు, కానీ పురుగు భయం ఎక్కువ. అలవాటు కోసం చేసే పనులకు అది సరిపోతుంది.

పనిముట్లు, పదును

రంపం, చిత్రిక, రెండు మూడు వెడల్పుల ఉలులు, మూలమట్టం, కొలబద్ద, సుత్తి, డ్రిల్లు, నాలుగు క్లాంపులు, సానరాయి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. గీత గీయడానికి పెన్సిల్‌తోపాటు సన్నని కత్తి కూడా కావాలి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది. కత్తి గీత సన్నని గాడిలా పడుతుంది కనుక ఉలి అంచు అందులో కచ్చితంగా కూర్చుంటుంది. గీతకు పనికిరాని వైపున కోసి, మిగిలిన పిసరును ఉలితో గీత దాకా చెక్కుతారు.

కొత్తగా నేర్చుకునేవారి తిప్పలు చాలావరకు మొద్దుబారిన ఉలితోనే. ఉలి అంచును సాధారణంగా 25 డిగ్రీల వాలుకు నూరి, కొసన 30 డిగ్రీల సన్నని అంచు తీస్తారు. ముందు ఉలి వీపు కొస దగ్గర చదునుగా ఉండాలి. తర్వాత వాలును రాయి మీద ఒకే కోణంలో నడిపితే, వీపు వైపు వేలికి తగిలే సన్నని పొర లేస్తుంది. పదును అంచు దాకా వచ్చిందనడానికి అదే గుర్తు. వీపును రాయి మీద పరిచి రుద్దితే ఆ పొర రాలిపోతుంది. మెత్తని చెక్క కొసను కోసి చూసినప్పుడు పోగులు నలగకుండా నున్నటి కోత వస్తే ఉలి పనికి సిద్ధమైనట్టే.

చిత్రిక పట్టేటప్పుడు పోగులు ఎటు వాలి ఉన్నాయో పలక పక్క అంచులో చూసుకోవాలి. పోగులు పైకి లేస్తున్న దిక్కుకే చిత్రికను తోయాలి. ఎదురు తోస్తే పోగులు చీరుకుని గుంటలు పడతాయి.

పనిచోటుకు మొదటి వస్తువులు

మొదట చేయాల్సింది బెంచ్ హుక్. జానెడు వెడల్పు పలక ఒక అంచున పైవైపు ఒక పట్టీ, ఎదురంచున కిందివైపు ఇంకో పట్టీ బిగిస్తే అది తయారు. కింది పట్టీ బల్ల అంచుకు ఆనుతుంది, పై పట్టీకి ఆనించి చెక్కను ఎడమ చేత్తో అదిమి పట్టి కోస్తారు. పై పట్టీ పలక కుడి అంచు దాకా రాకుండా కాస్త ముందే ఆగాలి. అప్పుడు రంపం బల్లను కాకుండా ఆ పలకనే తాకుతుంది. చిన్న వస్తువే అయినా నిటారుగా కోయడం, మూలమట్టం చూడడం, పట్టీని సరిగ్గా తొంభై డిగ్రీలకు అమర్చడం దీంతోనే అలవాటవుతాయి.

రెండోది ఉలిని కొట్టడానికి కొయ్య సుత్తి. తుమ్మ చెక్క తలకు బెజ్జం తొలిచేటప్పుడు కింద కంటే పైన కొంచెం వెడల్పుగా తీస్తారు. పిడి కొస కూడా అదే వాలులో ఉంటుంది, దాన్ని పైనుంచి దూరుస్తారు. సుత్తి విసిరినప్పుడల్లా తల పిడి కొస వైపు జరిగి ఇంకా బిగుస్తుందే తప్ప ఊడిరాదు. జిగురు, మేకు లేకుండా ఆకారమే అతుకును పట్టి ఉంచడం ఈ సుత్తిలో కళ్ళకు కడుతుంది.

అతుకులు

జిగురు పోగు పక్కలకు గట్టిగా పట్టినట్టు కోసిన కొసలకు పట్టదు. అందుకే ఒక చెక్క కొసను ఇంకో చెక్కకు కలపాలంటే కూసం, బెజ్జం కావాలి. చెక్క కొసను సన్నగా చెక్కి కూసం తీస్తారు, ఎదుటి చెక్కలో దానికి సరిపడే బెజ్జం తొలుస్తారు. కూసం మందం సాధారణంగా చెక్క మందంలో మూడో వంతు. అంతకన్నా సన్నమైతే కూసం విరుగుతుంది, లావైతే బెజ్జం గోడలు బలహీనపడతాయి. చేతి ఒత్తిడితో సగం దాకా దిగి, మిగతా సగం సుత్తి దెబ్బలకు దిగేదే సరైన బిగువు.

ఇంటికి పీట, అర, బొమ్మ

పీట చూడటానికి అతి సులువైన వస్తువు. పైన ఒక పలక, కింద అడ్డంగా రెండు పట్టీలు. అయినా చెక్క స్వభావం తెలియకుండా చేసిన పీట రెండేళ్ళలో నిలువునా పగులుతుంది. 12 అంగుళాల వెడల్పున్న టేకు పలకలో తేమ నాలుగు శాతం మారితే వెడల్పు రెండు మిల్లీమీటర్లకు పైగా మారగలదు. కింది పట్టీ పొడవు మాత్రం మారదు. ఆ రెండింటినీ ఈ చివర నుంచి ఆ చివర దాకా జిగురుతో అతికేస్తే కుంచించుకునే పలకకు పగలడం తప్ప వేరే దారి ఉండదు. దీనికి విరుగుడుగా పలక కింద, లోపల వెడల్పుగా నోటి దగ్గర సన్నగా ఉండే గాడి తీసి, అదే ఆకారంలో చెక్కిన పట్టీని పక్కనుంచి జొనుపుతారు. జిగురు మధ్యలో మాత్రమే కాస్త రాస్తారు. పలక రెండు వైపులా కదులుతుంది, పట్టీ దాన్ని వంగనివ్వదు.

పుస్తకాల అరకు వచ్చే చిక్కు బరువు. అర బిర్రు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపు చేస్తే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. ముక్కాలు అంగుళం పలకను మూడడుగుల దూరం ఆధారం లేకుండా వేసి పుస్తకాలు నింపితే మధ్యలో కిందికి దిగుతుంది. పలక ముందంచుకు కింద ఒక నిలువు పట్టీ అతికిస్తే తక్కువ చెక్కతోనే ఆ వంపు బాగా తగ్గుతుంది.

పిల్లల బొమ్మలకు తేలికైన మెత్తని చెక్క కావాలి. తెలుగునాట ఈ ఎంపిక ఏనాడో జరిగింది. ఏటికొప్పాకలో అంకుడు చెక్కను తిరిగే మర మీద చెక్కి, రంగు కలిపిన లక్కను దానికి ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. కొండపల్లి వారు తెల్ల పొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఇంట్లో చేసే బొమ్మలకు అంచులన్నీ గుండ్రం చేయాలి, ఊడిపోయి నోట్లోకి వెళ్ళే చిన్న ముక్కలు ఉండకూడదు.

మెరుగు, జాగ్రత్త

ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు గరుకు రకంతో మొదలుపెట్టి నున్నటి రకానికి రావాలి, ఎప్పుడూ పోగుల వెంబడే రుద్దాలి. స్పిరిట్‌లో కరిగించిన లక్క త్వరగా ఆరి మెరుపునిస్తుంది, కానీ వేడి గిన్నె పెడితే తెల్లని మచ్చ పడుతుంది. అవిసె నూనె చెక్కలోకి ఇంకి రంగును పైకి తెస్తుంది. ఏది పూసినా పలక రెండు వైపులా పూయాలి, లేకపోతే తేమ ఒకవైపే మారి పలక వంగుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండలా చుట్టి పడేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకుని దానంతట అదే అంటుకోవచ్చు. దాన్ని ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది కనుక ముక్కుకు మాస్కు తప్పనిసరి.

విలువ

సులువైన వస్తువు నుంచి కష్టమైనదానికి వరసగా సాగే ఈ నేర్పు బడి చదువులోకీ వచ్చింది. 19వ శతాబ్దం చివర స్వీడన్‌లోని నేస్‌లో ఒట్టో సాలమన్ ఇంట్లో పనికొచ్చే కొయ్య వస్తువులను ఒక క్రమంలో పేర్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాడు. మన దేశంలో 1937లో గాంధీజీ వార్ధాలో ప్రతిపాదించిన విద్యా పథకం చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపింది.

ఇంట్లో చేసిన సామానుకు ఉన్న అసలు లాభం మరమ్మతులో తెలుస్తుంది. పొట్టును జిగురుతో ఒత్తి చేసిన బోర్డులో స్క్రూ ఒకసారి ఊడిందంటే అదే బెజ్జంలో మళ్ళీ పట్టు దొరకడం కష్టం. కూసాలతో చేసిన ముక్కాలిపీటకు కాలు విరిగితే ఆ ఒక్క కాలే మార్చవచ్చు. వదులైన కూసానికి పలచని చీలిక అతికి మళ్ళీ బిగించవచ్చు. ఏ అతుకు ఎలా చేశారో చేసినవారికి తెలుసు, విప్పి బాగుచేసే పనిముట్లూ వారి దగ్గరే ఉంటాయి.