మందు రాయకపోవడం ఎక్కడ నేర్పుతున్నాం?

యాంటిబయాటిక్ నిరోధకత అంటే ఏమిటో గత పాఠంలో చదివారు. దాన్ని కాబోయే వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు ఎలా బోధిస్తున్నామో ఇప్పుడు విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం.

2019లో ఎంబీబీఎస్‌కు సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చింది. యాంటిబయాటిక్స్‌ను హేతుబద్ధంగా వాడటం ఔషధశాస్త్రంలో ఒక ప్రత్యేక అంశమైంది. మెచ్చుకోవలసిన మార్పే. అయితే అక్కడ వాడిన క్రియలను గమనించండి. విద్యార్థి వివరించాలి, చర్చించాలి. చేసి చూపాలని లేదు. మందుచీటీ రాయడం మరోచోట నైపుణ్యంగా ఉంది గానీ, అక్కడ పరీక్షించేది మందు రాయడాన్నే. 'వివరించు' అన్న క్రియ పరీక్షలో ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి ప్రశ్నపత్రాలు తయారు చేశాను. ఫలానా మందు పనిచేసే విధానం, ఉపయోగాలు, దుష్ఫలితాలు రాయమన్నాను. ఈ రోగికి అసలు యాంటిబయాటిక్ అవసరమా అని ఒక్కసారీ అడగలేదు.

దీన్ని విశాఖపట్నంలో పెట్టి చూడండి. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి కింగ్ జార్జ్ ఆసుపత్రి ఇక్కడివే. బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షకు సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుందని విద్యార్థి వార్డులో నేర్చుకుంటాడు. గాజువాకలో ఉండే కాంట్రాక్టు కార్మికుడికి జలుబు, జ్వరం వస్తే అన్ని రోజులు ఆగే వీలుండదు. డ్యూటీకి వెళ్లకపోతే కూలి పోతుంది. నేరుగా మందుల షాపుకు వెళ్లి, "రెండు రోజులకు గట్టి బిళ్లలివ్వండి" అంటాడు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటిబయాటిక్ దానిపై పనిచేయదు అన్న వాక్యం ప్రతి విద్యార్థికీ కంఠతా వచ్చు. ఎదురుగా నిలబడిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో, బదులుగా ఏమి ఇవ్వాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లమనాలో అభ్యాసం చేయించేది తక్కువ.

చట్టం లేకపోలేదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. మూడో తరం సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌ల వంటివి అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి, దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. ఫార్మసీ విద్యార్థి దీన్ని చట్టంగా చదువుతాడు. చీటీ రాసే వైద్యుడు, వేళకు మోతాదు ఇచ్చే నర్సు వేరే తరగతి గదుల్లో వేరే పుస్తకాలు చదువుతుంటారు. ముగ్గురినీ ఒక రోగి ముందు కూర్చోబెట్టే పాఠమే అరుదు.

ఇంకొక చిక్కు. కోర్సు మొత్తం వాడాలన్న సూత్రాన్ని మేమంతా అలాగే అప్పజెప్పించాం. తక్కువ మోతాదు ప్రమాదమని ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు. క్షయకు పూర్తి కాలం మందులు వాడాల్సిందే. కానీ కొన్ని సాధారణ ఇన్‌ఫెక్షన్లకు పూర్వం రాసినన్ని రోజులు అక్కర్లేదని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఎన్ని రోజులన్నది డాక్టరు నిర్ణయించాలి, రోగి సొంతంగా ఆపకూడదు. ఆ నిర్ణయానికి కారణం చెప్పగలిగేలా విద్యార్థిని తయారు చేయడం మా వంతు. సూత్రం ఒక్కటే ఇచ్చి ఊరుకున్నాం.

ఈ భాగానికి వ్యాసరూప ప్రశ్న ఇవ్వడం లేదు. మందుల షాపులో మీరే ఉన్నారనుకొని, ఆ కార్మికుడికి చెప్పే మాటలు ఐదు వాక్యాల్లో, ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. 'నిరోధకత' అన్న మాట మాత్రం వాడకండి.