చెయ్యి ఎందుకు తిరుగుతుందో తెలిస్తేనే తైచీ

తైచీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది పొద్దున్నే పార్కులో పెద్దవాళ్లు మెల్లగా చేతులు ఊపడం. మోకాళ్ల నొప్పులకు మంచిదట, బీపీ తగ్గుతుందట అంటారు. మంచిదే, కాదనను. కానీ ఆ కదలికల్లో ప్రతిదీ మీదికొచ్చే మనిషిని దృష్టిలో పెట్టుకుని కూర్చిందే. ఆ మనిషిని మరిచిపోయి ఎన్నేళ్లు చేసినా చేతులు గాల్లోనే తిరుగుతాయి.

యాంగ్ బాణీలో ‘సముద్రం అడుగున సూది’ అని ఒక కదలిక ఉంది. చూడ్డానికి ఒళ్లు కాస్త కుంగదీసి, కుడిచేతి వేళ్లు నేలకేసి చూపడమే. ఇప్పుడు ఎవరో మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నారనుకోండి. గుంజుకుంటే పట్టు ఇంకా బిగుస్తుంది. తైచీ వచ్చినవాడు గుంజడు. భుజం వదులు చేస్తాడు, మోచెయ్యి జారనిస్తాడు, బరువు వెనక కాలి మీదికి తెచ్చుకుంటాడు. మణికట్టును చిన్నగా తిప్పి, పట్టినవాడి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందు దగ్గరికి తెచ్చి, ఉన్నట్టుండి కిందికి కుంగుతాడు. వాడు వదిలేశాడా, చెయ్యి బయటపడింది. వదల్లేదా, వాడే ముందుకు తూలతాడు, మడమలు లేచిపోతాయి. తూలినవాడు నిలదొక్కుకోవాలని వెనక్కి లేస్తాడు కదా, సరిగ్గా అప్పుడే తర్వాతి కదలిక, ‘వీపు మీదుగా విసనకర్ర’ అందుకుంటుంది. కుడిచెయ్యి వాడి చేతిని పైకెత్తుతుంది, కాపు లేని పక్కటెముకల మీదికి ఎడమ అరచెయ్యి దూసుకుపోతుంది. వాడు ఏం చేస్తాడో ముందే తెలిసినవాళ్లు కూర్చిన వరస ఇది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అన్నిటికీ మూలం నాలుగు బలాలు: పెంగ్, ల్యు, జి, ఆన్. ‘పిచ్చుక తోక పట్టు’లో నాలుగూ వరసగా వస్తాయి. పెంగ్ అంటే ఎదుటివాడి తోపుడుకు నలిగిపోకుండా, అలాగని ఎదురు నెట్టకుండా నిలిచే ముంజేయి. ల్యు అంటే వాడి మణికట్టు, మోచెయ్యి మీద చేతులు ఆనించి, నడుము తిప్పి, వచ్చిన బలాన్ని పక్కకు సాగనంపడం. జి నొక్కు, ఆన్ తోపు. ఇవి ఒంటరిగా వంటబట్టవు. అందుకే తుయిషౌ, అంటే ఇద్దరు చేతులు కలిపి చేసే తోపుడు సాధన. మంచి గురువు ముంజేతి మీద చెయ్యి వేస్తే తొయ్యడానికి ఏమీ దొరకదు. మన బరువు ఏ కాలి మీద ఉందో మనకన్నా ముందు ఆయనకు తెలిసిపోతుంది.

చరిత్ర చెప్పాలంటే చైనాలో హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ ఊరు, 17వ శతాబ్దం, చెన్ వాంగ్‌టింగ్‌తో మొదలుపెట్టాలి. ఆ ఊళ్లో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) విద్యను బీజింగ్‌కు తీసుకెళ్లి, అజేయుడని పేరు తెచ్చుకున్నాడు. ఆయన అరచేతిలో వాలిన పిచ్చుక ఎగరలేకపోయేదట. అది కాలూని ఎగరబోయిన ప్రతిసారీ అరచెయ్యి అంతే మేర కిందికి తగ్గేదట.

నా మనసు మాత్రం చెన్ బాణీ మీదే. యాంగ్ అభిమానులకు కోపం వచ్చినా సరే, ఈ మాట చెప్పి తీరతాను. యాంగ్ బాణీ గురువు యాంగ్ చెంగ్‌ఫు మహానుభావుడే, ఆయన పది సూత్రాలు ఎవరికైనా శిరోధార్యమే. అయినా నెమ్మదిలోంచి మెరుపులా బయటికొచ్చే దెబ్బ, నేల అదిరేలా వేసే అడుగు చెన్ వాళ్ల దగ్గరే కళ్లకు కట్టినట్టు నిలిచాయి. మడమ దగ్గర మొదలైన మెలిక తొడలోంచి, నడుములోంచి, వీపులోంచి వేలికొసల దాకా తడిబట్ట పిండినట్టు పాకుతుంది. 1928లో బీజింగ్‌కు వచ్చిన చెన్ ఫాకె (1887–1957) కుర్రతనంలో అన్న వరసైనవాడిని దాటాలన్న పట్టుదలతో రోజుకు ముప్పైసార్లకు పైగా చెన్ బాణీ మొదటి వరస మొత్తం చేసేవాడని చెప్పుకుంటారు. ఆయన మనవడు చెన్ షియావాంగ్ ఒంట్లో ఆ మెలికను ఇవాళ్టికీ చూడొచ్చు.

1956లో చైనా క్రీడాశాఖ 24 కదలికల చిన్న వరస తయారు చేసింది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. కోట్లమంది గడప దాటి లోపలికి రావడానికి అది పనికొచ్చింది. ఏం లాభం, చాలామంది ఆ గడప మీదే కూర్చుండిపోయారు! వారాంతంలో రెండు రోజులు నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లు వచ్చారు. అలాంటి ఒక శిబిరంలో ‘ఈ చెయ్యి దేనికండీ’ అని అడిగితే, ‘శక్తి ప్రవహించడానికి’ అన్నాడు నేర్పేవాడు. కడుపు మండిపోయింది. ఇంకా ఘోరం, తాకకుండానే శిష్యులు ఎగిరిపడే వీడియోలు. అవి చూసి నవ్వేవాళ్లు తైచీ మొత్తాన్నీ చూసి నవ్వుతున్నారు. 1954లో మకావూలో తైచీ గురువు వూ గాంగ్‌యీ, యాభై దాటిన వయసులో, తనకన్నా ఎంతో చిన్నవాడైన తెల్లకొంగ బాణీ వీరుడితో జనం ముందు బరిలో తలపడ్డాడు. విజేత ఎవరో తేల్చకుండానే పోటీ ఆపేశారు. ఆటలో సొంపు లేదని ఈనాటికీ వెక్కిరించేవాళ్లున్నారు. నిజంగా కొట్టేవాడి ఎదుట నిలబడ్డాడుగా! గాలితో మనుషుల్ని పడగొట్టే ఈ గురువుల్లో ఆ బరిలోకి దిగేవాడెవడు?

చెన్‌జియాగౌలోనే విద్య అడుగంటిపోతున్న రోజుల్లో, 1958లో, అరవై దాటిన చెన్ జావోపీ సొంత ఊరికి తిరిగొచ్చి కుర్రాళ్లను చేరదీశాడు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో అవమానాలు పడ్డాడు, అయినా నేర్పడం మానలేదు. ఆయన పుణ్యమా అని ఆ ఊరి విద్య బతికింది. 2020లో యునెస్కో తైచీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చుకుంది. జాబితా కాగితం మీద ఉంటుంది, విద్య ఒంట్లో ఉండాలి.

మీరు నేర్చుకుంటున్నారా? నెమ్మదిగానే చెయ్యండి, ఆరోగ్యం కోసమే చెయ్యండి. కానీ ఈ వారం క్లాసు అయ్యాక మీ గురువుగారిని ‘మేఘ హస్తాలు’ అనే కదలిక ఎందుకో అడగండి. వీలైతే ‘ఒక్కసారి మీ మణికట్టు పట్టుకోనివ్వండి సార్’ అనండి. సరైన మనిషైతే నవ్వుతూ చెయ్యి చాపుతాడు.