ఆకుపురుగు

దక్షిణ అమెరికానుండి ఐరోపా తోటలలోనికి చేరిన ‘ఒబామా నుంగారా’ యను నేలపురుగు పేరు అమెరికా మాజీ అధ్యక్షునిదని తలంచి పరిహసించిన నాలుగు పంక్తులను ఈ వారము ఒక పత్రికలో చదివి మనసు కష్టపెట్టుకొంటిని. అది బ్రెజిలు ఆదివాసుల తుపీ భాషలోని పేరు: ‘ఒబా’ యనగా ఆకు, ‘మా’ యనగా జంతువు. బల్లపరుపుగా, రెండుమూడు అంగుళముల పొడవున, దుంగలక్రింద తడిగా మెరయు ఆ ప్రాణికి ఆ నేలమీది పలుకే పేరైనందుకు నాకెంత సంతోషమో, దేశ్యపదముల విషయమై నా పట్టుదల నెఱిగిన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

నా రెండవ పట్టుదలయు వారెఱుగుదురు: ప్రాణిని తెలిసికొనుటకు కన్ను చాలును, కత్తి వలదని. అది కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో పుట్టినది. మైనపుదిమ్మలో పొదిగిన చిన్న పురుగును మైక్రోటోమునకు బిగించి పిడి త్రిప్పుచుండగా, మిల్లీమీటరులో నూఱవవంతు మందమున తెగిన పొరలు ఒకదానికొకటి అంటుకొని తెల్లని రిబ్బనువలె జారుచుండెడివి. మా మాస్టారు ఊపిరి బిగబట్టి దానిని కుంచెకొసతో ఎత్తి, గోరువెచ్చని నీటిమీద పఱచి, ముడుతలు విడిన పిమ్మట గాజుపలకపైకి తీసికొనెడివారు. ఫ్యాను గాలికి రిబ్బను తునుకలైన నాడు, ఆయన ఎవ్వరిని ఏమియు ననక, వానిని వరుస తప్పకుండ ఏఱుచు చీకటిపడువఱకు కూర్చుండిరి. నాకు మాత్రము అందు పురుగు నాశనమే కనబడినది.

అయితే, చూచుటలో అంతటివాడైన డార్వినే 1832లో బ్రెజిలు అడవులలో ఈ కోవకు చెందిన పురుగులను కుళ్ళిన దుంగలక్రింద చూచి, ఆ కొయ్యయే వాని ఆహారమని నమ్మెను. నిజమునకవి వేటాడు ప్రాణులు. నుంగారా వానపాములను, నత్తలను పట్టి, పొట్టక్రింది నోటినుండి గొంతును వెలికి చాచి తినును. ఐరోపాలో కనబడిన ఈ పురుగును పైరూపమును బట్టి మొదట ‘ఒబామా మర్మొరాటా’ యనియే తలంచిరి. జంతుశాస్త్రజ్ఞుడు ఫెర్నాండో కార్బాయో, ఆయన సహచరులు జననాంగముల నిర్మాణమును పొరలుపొరలుగా కోసి పరీక్షించి, జన్యువులనుగూడ సరిచూచి, 2016లో ఇది వేఱొక జాతియని నిర్ధారించిరి. ‘నుంగారా’ యనగా తుపీలో ‘పోలినది’ యని యర్థము. కన్ను మోసపోయిన కథ ఆ పేరిలోనే యున్నది.

కత్తినిగూర్చి నేనిన్నాళ్లు వ్రాసినదానిని ఉపసంహరించుకొనుచున్నాను. ఆ సాయంకాలము మాస్టారు వరుస తప్పినచో, ఆ పురుగులోని ఏ నాళము ఎచ్చట మలుపు తిరిగి ఎందులో కలిసినదో మాకెవ్వరికిని తెలిసియుండెడిది కాదు.