తోక ఎత్తి వినే మేస్త్రులు

నెల్లూరు తీరంలో రేవు అంటే చాలాచోట్ల ఉత్త ఇసుకే. జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ కట్టారు, కృష్ణపట్నంలో పెద్ద ఓడల రేవుంది. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట లాంటి ఊళ్లలో మాత్రం ఫైబర్ బోటు ఇసుక మీదినుంచే అలల్లోకి దిగుతుంది. ఒడ్డున విరిగే అలల్ని దాటే ఆ కాస్త సేపట్లో ఇంజను ఒక్కసారి ముక్కిందంటే బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటును తర్వాతి అల ఏం చేస్తుందో ఆ ఊళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. మోటారు బాగుచేసే మేస్త్రికి ఊరి పెద్దలైన కాపులతో సమానమైన గౌరవం ఇవ్వాలని వాదించడానికి ఈ ఒక్క కారణం చాలు.

బోటు వెనక తగిలించే మోటారును జనంలోకి తెచ్చినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్. 1909లో అమ్మకానికి పెట్టాడు. ప్రియురాలి కోసం ఐస్‌క్రీం తెస్తుంటే తెడ్డు వేసేలోగా కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంతోనే మోటారు కట్టాడనీ కథ చెబుతారు. నెల్లూరు ఒడ్డున ఫైబర్ బోట్లు జోరందుకున్నది 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత. కొయ్య తెప్పలు ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది లాంగ్‌టెయిల్ మోటారు: పది హార్స్‌పవర్ అటూ ఇటూ ఉండే ఒంటి సిలిండరు డీజిలు ఇంజను, దాని వెనక పొడవాటి షాఫ్టు, చివర పంకా. వరిపొలాల ఆయిలింజన్ల దగ్గర చేయి తిరిగినవాళ్లే చాలామంది దీని మేస్త్రులయ్యారంటారు. పెన్నా కిందటి మాగాణి సముద్రానికి చేసిన మేలు అది.

మంచి మేస్త్రి స్పానరు ముట్టుకునే ముందు ప్రశ్నలు వేస్తాడు.

“ఎప్పుడు మొరాయించింది మామా? తీసిన వెంటనేనా, కొంత దూరం పోయినాకనా?”

“పావుగంట బాగానే పోయింది అబ్బయ్యా. ఆ తర్వాత గొంతు తగ్గి ఆగిపోయింది. కాసేపు ఆగి తిప్పితే మళ్లీ లేచింది.”

సగం పని ఇక్కడే అయిపోతుంది. పావుగంట నడిచి, ఆగి, సేదతీరి మళ్లీ లేచే ఇంజను విషయంలో చూడాల్సిన మొదటి చోటు డీజిలు ట్యాంకు మూత. మూతకున్న సన్నటి గాలిరంధ్రం ఉప్పుతోనో మడ్డితోనో మూసుకుపోతే, డీజిలు తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి ధార నిలిచిపోతుంది. మూత విప్పగానే ‘స్స్’ మని గాలి లోపలికి పోతే రోగం దొరికినట్టే. దీనికి కావలసింది ఒక సూది. తెలియనివాడి చేతిలో పడితే ఇదే ఫిర్యాదు మీద పంపు మారుతుంది, ఫిల్టరు మారుతుంది, నాజిల్ మారుతుంది.

తర్వాత పొగ చూస్తారు. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువైనా అయ్యుండాలి, గాలి చాలకపోయినా అయ్యుండాలి, మోయలేని బరువైనా పడుండాలి. తెల్లపొగ డీజిల్లో నీళ్లకో, దెబ్బతిన్న కంప్రెషన్‌కో గుర్తు. నీలిపొగైతే రింగులు అరిగి ఇంజనాయిలు కాలుతోందన్నమాట. ఇంతవరకు పుస్తకాల్లోనూ ఉంది. నల్లపొగకున్న కారణాల్లో ఏది అసలుదో తేల్చడానికి మన తీరపు మేస్త్రులు చేసే పని మాత్రం కళ్లారా చూడాలి. ఇంజను నడుస్తుండగానే పిడిని కిందికి నొక్కి తోకను నీళ్లలోంచి పైకెత్తుతారు. పంకా గాలిలో తిరుగుతుంది, ఇంజను మీద బరువుండదు. అప్పుడు పొగ తేలిపోయి చప్పుడు తేటపడితే తప్పు చాలావరకు పంకాలోనో షాఫ్టులోనో ఉంటుంది: వంగిన రెక్క, చుట్టుకున్న వల దారం, వేగం మీద ఆశతో ఇంజను తాహతుకు మించి బిగించిన పెద్ద పంకా. ఎత్తినా పొగ ఆగకపోతే తప్పు ఇంజనుదే. నీళ్లు తగలని షాఫ్టు బుష్షు అరిగిపోతుంది కాబట్టి ఆ పరీక్ష కొద్ది క్షణాలే. ఆ కొద్ది క్షణాల్లో వినగలిగే చెవి కావాలి. ఏ కంపెనీ వర్క్‌షాపులోనూ ఇంత చవకైన, ఇంత కచ్చితమైన పరీక్ష ఉండదు.

చప్పుడు లేస్తూ పడుతూ ఉంటే డీజిలు పైపులో గాలి చేరిందని అర్థం. ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిలు నిండుధారగా వచ్చేదాకా వదిలి బిగిస్తారు. గాలి తీయడం ఎవరైనా చేస్తారు. గాలి ఎక్కడినుంచి దూరుతోందో కనిపెట్టి, పగిలిన రాగి వాషరు మార్చినవాడే మేస్త్రి.

నాజిల్ దగ్గర ఈ విద్య పరాకాష్ఠకు చేరుతుంది. లోపలి సూదికీ దాని గూటికీ మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాపున ఉంటుంది. ఒక్క ఉప్పునీటి చుక్క చాలు, సూది తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఇంజనును చేత్తో తిప్పుతూ చెవొగ్గితే, బాగున్న నాజిల్ ప్రతి చుట్టుకూ ‘కిర్రు’ మంటుంది. ఆ కిర్రులో తేడాను బట్టి నాజిల్ పొగమంచులా చిమ్ముతోందో, బొట్లుబొట్లుగా కారుస్తోందో చెప్పే పెద్ద మేస్త్రులు ఈ తీరంలో ఉన్నారు. విప్పి చూసేటప్పుడు వాళ్లు పిల్లలకు నేర్పే తొలి పాఠం, చిమ్మే డీజిలుకు చేయి అడ్డం పెట్టొద్దని. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

మునిగిన ఇంజనును బతికించడం ఇంకో ఘనత. ఒడ్డుకు చేరగానే ఆత్రంగా తిప్పితే సిలిండరులోని నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. తెలిసిన చేయి ముందు నాజిల్ విప్పి, మెల్లగా తిప్పి నీళ్లు కక్కిస్తుంది. మంచినీళ్లతో కడిగి, పాత ఆయిలంతా వంపి, కొత్త ఆయిలు పోసి, ఆ పూటే నడిపి వేడెక్కిస్తుంది. తెల్లారేదాకా ఆగితే తుప్పు గెలుస్తుంది.

పెట్రోలు మోటార్లవాళ్లకు వేరే లెక్కలున్నాయి. పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిధార ఆగితే లోపలి రబ్బరు ఇంపెల్లరు పోయినట్టు. ప్లగ్గు మొన ఇటుకపొడి రంగులో ఉంటే క్షేమం, మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే వేడెక్కువ. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి సముద్రం మీద దానితో మరింత జాగ్రత్త కావాలి. అలల మీద నమ్మకం అంటే మాత్రం డీజిలే, ఎవరేమన్నా సరే.

ఇంత విద్యనూ ఇప్పుడు మింగుతున్నది నకిలీ సరుకు. అసలు డబ్బాలాంటి డబ్బాలో, అసలు అచ్చులాంటి అచ్చుతో వచ్చే నాజిల్ మెత్తటి ఉక్కుతో చేసినది. కొన్నాళ్లకే కారడం మొదలెడుతుంది. కారిన డీజిలు పిస్టన్ నెత్తి మీదే మండి బొక్క పెడుతుంది. సగం ధరకు కొన్న నాజిల్ సిలిండరునంతా తినేస్తుంది, అదీ ఒడ్డుకు ఎన్నో మైళ్ల దూరాన. ఇలాంటి సరుకు అమ్మేవాడు బోటులోని మనుషుల ప్రాణాలతో వ్యాపారం చేస్తున్నాడు. వాడితోపాటు తయారైనవాళ్లు పార్టు మార్చే మెకానిక్కులు. వినరు, అడగరు, ఫోనులో వీడియో చూసి పార్టు పేరు చెబుతారు. ఒకటి మార్చి లేవకపోతే ఇంకొకటి. చెన్నై కాశిమేడు వర్క్‌షాపుల్లో గొప్ప పనివాళ్లున్నారు, కాదనలేం. అయినా ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, ఉన్న నాలుగు స్పానర్లతో అలల చప్పుడులోనే ఇంజను చప్పుడు వేరు చేసి వినే నేర్పు నెల్లూరు తీరానిదే. ఆ నేర్పున్నవాళ్లకు వయసు మీద పడుతోంది, పక్కన కూర్చునే పిల్లలు తగ్గారు.

దారులు లేకపోలేదు. 1963లో కొచ్చిలో మొదలైన కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ విశాఖలోనూ చెన్నైలోనూ మెరైన్ ఫిట్టర్ కోర్సు నేర్పుతోంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. కేరళలో మత్స్యకారుల సహకార సమాఖ్య మత్స్యఫెడ్ అవుట్‌బోర్డ్ మోటార్లకు సొంత వర్క్‌షాపులే నడుపుతోంది. 2020లో వచ్చిన కేంద్ర పథకం మత్స్య సంపద యోజన కింద బోట్లకూ వలలకూ సాయం అందినప్పుడు, ఆ బోట్లను నడిపించే చేతులకు మాత్రం ఎందుకు అందకూడదు? జువ్వలదిన్నె హార్బర్లో ఒక షెడ్డు, ఒక నాజిల్ టెస్టరు, ఒక కంప్రెషన్ గేజి, జీతమిచ్చి కూర్చోబెట్టిన ఇద్దరు పెద్ద మేస్త్రులు ఉంటే చాలు. కొత్త ఇంజను ధరలో నాజిల్ టెస్టరు ఖర్చు చిన్న వంతే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో మోటార్లన్నీ ఒడ్డునే ఉంటాయి, కుర్రాళ్లూ ఖాళీగా ఉంటారు. విప్పి చూపి నేర్పడానికి అంతకు మించిన కాలం లేదు.

సర్కారు కదిలేలోగా ఊళ్లు చేయగలిగిన పనీ ఉంది. ఫలానా వల వేయకూడదని పట్టపు మత్స్యకారుల పాళేల కాపులు దురాయి (ఊరి కట్టుబాటు) వేస్తే ఊరంతా కట్టుబడుతుంది. నకిలీ నాజిళ్లూ బేరింగులూ మన బోట్లకు ఎక్కకూడదని కూడా అదే కాపులు దురాయి వేయాలి. వచ్చే నిషేధకాలానికి ముందే, మోటార్లు విప్పడం మొదలు కాకముందే, ప్రతి పాళెంలోనూ ఆ మాట సభ ముందుకు రావాలి.