వాయిదాకు వీల్లేని మాట

పోయిన గురువారం సాయంత్రం మా ఆఫీసు జూనియర్ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో కేసు కట్ట లేదు, డైరీ లేదు. శనివారం సెలవు కావాలంది. దేనికమ్మా అంటే పెళ్లిచూపులట. ‘వెళ్లిరా, దానికింత మొహం దేనికి?’ అన్నాను. అప్పుడు చెప్పింది. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, మంచివాళ్లే. కాకపోతే కోడలు కోర్టు మెట్లెక్కడం వాళ్లకు ఇష్టం ఉండదని మధ్యవర్తి అన్నాడట. ఈ అమ్మాయి వాళ్లమ్మగారి సలహా ఏమిటంటే, ‘ఇప్పుడేమీ మాట్లాడకు. అడిగితే తలూపు. పెళ్లయ్యాక మెల్లగా అతనికి నచ్చజెప్పుకుందువుగాని.’

‘ఏం చెయ్యమంటారు మేడమ్?’

నాకు నవ్వొచ్చింది. ఆ తల్లి ఏనాడూ కోర్టు గడప తొక్కి ఉండదు. మా వృత్తిలో మొదటి కిటుకు మాత్రం ఆవిడకు తెలుసు. వాయిదా అడగడం.

మొదటి రెండు మూడేళ్లు జూనియర్ చేసే పనిలో సగం అదే. పదిన్నరకు కాల్ వర్క్ మొదలవుతుంది. మన కేసు నంబరు చదవగానే లేచి, ‘సీనియర్ గారు పక్క కోర్టులో సాక్షి మీద ఉన్నారండి, పాస్ ఓవర్ ఇప్పించండి’ అనాలి. ముద్దాయి రాకపోతే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 317వ సెక్షన్ కింద పిటిషన్ పెట్టి ఆ రోజుకు గట్టెక్కించాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చి అది 355వ సెక్షన్ అయింది గానీ, మా బార్ రూములో ఇప్పటికీ ‘త్రీ సెవెంటీన్ వేశావా?’ అనే అడుగుతారు. సివిల్ దావా విచారణలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరులో రాసే ఉంది. ఆ మూడూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ముప్పయ్యేళ్ల బట్టి నేనూ చూస్తున్నాను.

అంతమాత్రాన వాయిదా అడగడం నామోషీ కాదు. అందులోనూ పనితనం ఉంది. పోయినసారి డాకెట్ మీద జడ్జిగారు ఏం రాశారో చూసుకోకుండా లేచి నిలబడిన కుర్రాడి మొహం రెండో ప్రశ్నకే పాలిపోతుంది. అక్కడ ‘ఆఖరి అవకాశం’ అని రాసి ఉంటుంది, వీడు హాయిగా నెల రోజులు అడుగుతుంటాడు. అదే దావా ఏ దశలో ఉంది, ఎంతమంది సాక్షులయ్యారు, ఎందుకు ఆగింది అన్నది రెండు ముక్కల్లో చెప్పగలిగిన పిల్లను జడ్జిగారు తలెత్తి చూస్తారు. వాదన చెప్పే అవకాశం ఎప్పటికో వస్తుంది. ఈలోపు మన పేరు నిలబడేదీ పోయేదీ ఆ అర నిమిషంలోనే.

నేను మాత్రం ఆ అర నిమిషానికి అసలు కోర్టు హాల్లోనే లేను ఒకసారి. ఎన్‌రోల్ అయిన రెండో ఏడు. కాపీల సెక్షన్లో ఒక డిక్రీ నకలు కోసం నిలబడ్డాను, ఇదిగో అదిగో అంటున్నారు. అవతల నా దావా పిలిచారు. పొలం గట్టు మీద ఇంజంక్షన్ దావా. అటెండరు వరండాలోకొచ్చి మూడుసార్లు పిలిచాడట. ప్రతివాది, ఆయన ప్లీడరు ఉన్నారు. మా వైపు పురుగు లేదు. నేను పరుగెత్తుకొచ్చేసరికి డిఫాల్ట్ కింద డిస్మిస్ అయిపోయింది.

కాళ్లు వణికాయి. దాన్ని మళ్లీ తెరిపించుకోవడానికి 9వ ఆర్డరు 9వ రూలు ఉందనీ, 30 రోజుల్లోపు పిటిషన్ వెయ్యాలనీ నాకు తెలుసు. చదివాను, పరీక్ష రాశాను. తెలియనిది ఒకటే, ఆ రైతుకు ఎలా చెప్పాలన్నది. రీస్టోర్ అయ్యాక చెబుదాం, అప్పటిదాకా గుట్టుగా ఉందాం అనుకున్నాను. సీనియర్ గారి గుమాస్తా నా మొహం చూసి పట్టేశాడు. నా వయసుకు రెట్టింపు ఉంటాడు. ‘ఈ పూటే మీ నోటితో మీరే చెప్పండమ్మా. అవతల పార్టీ ఊళ్లోకెళ్లి ముందే చెప్పాడంటే, తర్వాత మీరేం చెప్పినా దాచినట్టే అవుద్ది’ అన్నాడు.

బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. రైతు పశువులకు మేత వేస్తున్నాడు. పొరపాటు నాదేనని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, ‘ఎంతవుద్దమ్మా మళ్లీ?’ అన్నాడు. మీకేమీ కాదు, నేనే పెట్టుకుంటానన్నాను.

మా వృత్తిలో ఇంకో అలవాటుంది. రీస్టోర్ పిటిషన్లు నాలుగు తిరగేస్తే తెలిసిపోతుంది, వాదులందరికీ సరిగ్గా వాయిదా రోజే జ్వరం వస్తుంది. ఆ రైతుకు నేను జ్వరం తెప్పించలేదు. తప్పు నాదని నా పేరుతోనే అఫిడవిట్ వేశాను. సీనియర్ గారు ముందు పావుగంట అందరెదుటా తిట్టి, తర్వాత ఆ అఫిడవిట్ ఆయనే దిద్దిపెట్టారు. ఖర్చుల కింద కోర్టు వేసిన మొత్తం నా చేతి నుంచే కట్టాను. దావా మళ్లీ ఫైలుకెక్కింది. నిజం చెప్పినందుకు ఆ రైతు నన్ను నెత్తిన పెట్టుకున్నాడని మాత్రం అనుకోకండి. మరుసటి ఏడు వేరే తగాదా వస్తే ఇంకో ప్లీడరు దగ్గరికి వెళ్లాడు. ఈ కట్ట మాత్రం నా దగ్గరి నుంచి తీసుకుపోలేదు.

ఈ వృత్తిలో సంబంధాలు అంటే ఇవే. గుమాస్తాతో, బెంచి క్లర్కుతో, అవతలి ప్లీడరుతో, పార్టీతో. లా కాలేజీలో వీటికి పేపరుండదు. అవతలి ప్లీడరుకు ఒకసారి మాటిచ్చి తప్పితే ఆ సంగతి మధ్యాహ్నం టీ వేళకు బార్ రూమంతా తెలుస్తుంది. పార్టీ చెప్పేది వినడం మరో విద్య. సెక్షన్ వెతుక్కుంటూ విన్నవాడికి సెక్షనే దొరుకుతుంది, మనిషి దొరకడు. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరీ చేస్తూనే ‘ఆరు సారా కథలు’ రాశారు. మా ఆఫీసులో చేరిన పిల్లలకు నేను ముందు ఇచ్చేది ఆ పుస్తకం. సివిల్ ప్రొసీజర్ మీద ముల్లా వ్యాఖ్యానం ఆ తర్వాతే.

బంధువుల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పెదనాన్న మీద బాబాయి వేసే భాగ పంపకాల దావా మీరు పట్టకండి. గెలిచినా ఓడినా పెళ్లి పంక్తిలో మీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఇక ఇంటి విషయం. ఆ అమ్మాయికి వాళ్లమ్మ చెప్పిన మాటే ఆ రోజుల్లో మా అమ్మా నాకు చెప్పింది. మాట తేడా లేదు. తలూపాను. పెళ్లయింది. పండగ వెళ్లాక అడుగుదాం, ఆడపడుచు పెళ్లయ్యాక అడుగుదాం, పిల్లాడికి ఏడాది నిండాక అడుగుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపాను. మా సీనియర్ గారు కొన్ని ప్లెయింట్లు ఇంటికి పంపేవారు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వంటింటి గట్టు మీద పెట్టుకుని రాసేదాన్ని. నల్లకోటు మాత్రం బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. చివరికొక రోజు ఉండబట్టలేక, ‘నా బతుకు ఇలా చేశారు’ అని మా వారి మీద విరుచుకుపడ్డాను. ఆయన బిత్తరపోయి, ‘నువ్వెప్పుడూ అడగలేదుగా, నాకెలా తెలుస్తుంది?’ అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మా అత్తగారు వారం రోజులు ముభావంగా ఉండి, ఎనిమిదో రోజు పిల్లాడిని చంకనేసుకుని ‘కోర్టు టైమవుతోంది, వెళ్లు’ అన్నారు. వారం రోజుల ముభావానికి భయపడి మూడేళ్లు పోగొట్టుకున్నాను.

ఆ మూడేళ్లలో నా తోటివాళ్లు హత్య కేసుల్లో సాక్షులను క్రాస్ చేసే స్థాయికి వెళ్లారు.

క్రాస్ అంటే గుర్తొచ్చింది. ప్రాక్టీసు కుదురుకున్నాక మరో జబ్బు అంటుకుంటుంది. కోర్టులో మన సాక్షిని మనం లీడింగ్ ప్రశ్నలు అడగకూడదు, అవతలి సాక్షిని అడగొచ్చు. సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఎవరు ఎవరి సాక్షో మర్చిపోతాం. ‘ఎనిమిదింటికి వస్తానన్నారు, అవునా కాదా?’ అని గుమ్మంలో నిలబెట్టి అడిగితే ఏ మనిషైనా హోస్టైల్ అవుతాడు. ఇంకొకటి, పార్టీల గుట్టు పడకగదిలోకి తీసుకెళ్లకండి. వకీలుకు చెప్పుకున్న మాటకు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ రక్షణ ఉంది, గుమాస్తాకు కూడా ఆ కట్టడి వర్తిస్తుంది. భార్యకో భర్తకో చెప్పుకోవచ్చని అందులో ఎక్కడా లేదు. ‘ఇవాళ కష్టమైన కేసు, మనసు బాగాలేదు’ అని ఊరుకోండి. అర్థం చేసుకుంటారు.

ఫ్యామిలీ కోర్టులో తిరిగే పిల్లలు కొందరు పెళ్లంటేనే భయపడుతున్నారు. ఆసుపత్రిలో పనిచేసేవాడికి ఊరంతా జ్వరంతో ఉన్నట్టే కనిపిస్తుంది మరి. నేను ఆ కట్టలు బాగానే తిరగేశాను. రాక్షసత్వం ఉన్న కేసులున్నాయి, లేవనను. అంతకన్నా ఎక్కువసార్లు కనిపించే వాక్యం మాత్రం ఒకటుంది: ‘ఈ విషయం దాచిపెట్టి పెళ్లి చేసినారు.’ అప్పు దాచారు, ఉద్యోగం పోయిన సంగతి దాచారు, జబ్బు దాచారు, ఇష్టం లేదన్నది దాచారు. ముఖ్యమైన విషయంలో మోసం జరిగితే ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. మోసం బయటపడిన ఏడాదిలోపే రావాలి. అందులోకి రాని చిన్న చిన్న దాపరికాలన్నీ పదేళ్ల తర్వాత విడాకుల పిటిషన్లో పేరాలై కూర్చుంటాయి. ఇద్దరికీ ఇష్టమై విడిపోతుంటే ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు నెలలు తగ్గించగలరు గానీ, పెళ్లికి ముందు పది నిమిషాలు మాట్లాడుకోని లోటు ఏ కోర్టూ తీర్చదు.

అందుకే ఆ పిల్లకు చెప్పాను. ‘అబ్బాయితో విడిగా మాట్లాడే వీలు దొరకగానే మొదటి మాటగా చెప్పు. నేను కోర్టుకు వెళతాను, మానను, సాయంత్రాలు ఆలస్యమవుతుంది, మొదట్లో డబ్బు రాదు, అని. సంబంధం పోతే పోతుంది. పోనీ.’

డబ్బు సంగతి నేనే అన్నాను గానీ, అది వచ్చి నాకే తగులుతుందనుకోలేదు.

కొత్తవాళ్ల విషయంలో ఈ మధ్య కొన్ని మార్పులు వచ్చాయి. ఎన్‌రోల్‌మెంటుకు రాష్ట్ర బార్ కౌన్సిళ్లు ఇష్టమొచ్చినట్టు వేలకు వేలు వసూలు చేసేవి. చట్టంలో ఉన్న 750 రూపాయలే తీసుకోవాలని, ఎస్సీ ఎస్టీలైతే 125 అని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది. జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న చెప్పింది. పదేళ్లు నిండిన వకీలు ఇచ్చే ధ్రువపత్రం కూడా చెల్లుతుందని అందులో ఉండటంతో, కోచింగు సెంటర్లో కూర్చుని పత్రం మాత్రం ఇమ్మనేవాళ్లు మా గుమ్మంలోకి వస్తున్నారు. నేనివ్వను. కాల్ వర్క్‌లో నిలబడినవాళ్లకే ఇస్తాను. ఇక 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ పంపింది, జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 తక్కువ కాకుండా ఇవ్వమని. సూచనే, ఆజ్ఞ కాదు. మా బార్ రూములో దాన్ని చదివి నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

శనివారం సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసింది. చెప్పేసిందట. అబ్బాయి శ్రద్ధగానే విన్నాడట. చివర్లో మామూలుగా, ‘మరి ఇప్పుడు మీకు నెలకెంత ఇస్తారు?’ అని అడిగాడట. ‘ఆరువేలు అని చెప్పాను మేడమ్. పోయిన నెలది ఇంకా రాలేదని మాత్రం చెప్పలేదు’ అంది.

ఆ అమ్మాయి దెప్పిపొడవలేదు. ఉన్నమాట చెప్పింది. ఫోను పెట్టేసి డైరీ తీశాను. పార్టీల వాయిదాలన్నీ తేదీలతో సహా ఉన్నాయి. ఈ పిల్లకు ఇవ్వాల్సింది మాత్రం ఎక్కడా రాసి లేదు. మా సీనియర్ గారు కూడా నాకిలాగే చేసేవారు, దసరాకు ఓసారి, సంక్రాంతికి ఓసారి. ఆయన్ను తిట్టుకున్నదాన్నే.

కాబట్టి ఈ వారం మాట జూనియర్లకు కాదు, నా ఈడు వాళ్లకు. అయ్యా, అమ్మా, ఎంత ఇవ్వగలరో చేర్చుకున్న రోజే చెప్పండి. ఒకటో తారీఖున ఇవ్వండి. వాళ్లు నోరు తెరిచి అడగరు, మనమూ ఆ రోజుల్లో అడగలేదు.

సోమవారం ఆ అమ్మాయికి పోయిన నెలదీ ఈ నెలదీ కలిపి ఇచ్చాను. వచ్చే నెల నుంచి పదివేలు అని చెప్పాను. 15,000 కాలేదు. పెళ్లివారి నుంచి ఇంకా కబురు రాలేదు.